గోడ ఉన్న గిన్నె

మా పాపకి 14 నెలలు నిండేసరికి అన్నం పెట్టడం మా ఇంట్లో పూటకి గంటన్నర పని అయిపోయింది. ఫోన్లో పాటలు పెట్టాలి. తను కళ్ళార్పకుండా అటే చూస్తుంటే, నోరు కాస్త తెరుచుకున్నప్పుడల్లా అత్తయ్య ఒక గోరుముద్ద పెట్టేసేవారు. ఏం తింటోందో, ఎంత తింటోందో పాపకే తెలిసేది కాదు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు ఆ రెండు సెకన్లలో నోరు బిగించేసుకునేది. బుగ్గలో దాచుకున్న ముద్ద అరగంట తర్వాత కూడా అక్కడే ఉండేది.

ఇందులో అత్తయ్య తప్పేమీ లేదు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, మధ్యాహ్నం మీటింగులుంటాయి. మా వారు ఎనిమిదింటికే బయల్దేరిపోతారు. అమలాపురం దగ్గర పల్లెలో మామయ్యగారిని ఒక్కరినే వదిలేసి, హైదరాబాదులో ఈ నాలుగో అంతస్తు ఫ్లాట్లో మా కోసం ఉంటున్నారు ఆవిడ. పిల్ల కడుపు నిండాలి, అంతే ఆవిడ ఆరాటం. ఫోన్ అలవాటు చేసింది నేనే. తొమ్మిదో నెలలో జ్వరం వచ్చి ఏమీ ముట్టకపోతే ఒక్క రెండు రోజులు అనుకుని పెట్టాను. ఆ రెండు రోజులు ఐదు నెలలయ్యాయి.

15వ నెల టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు పాప బరువు చూశారు. 9 కిలోల 100 గ్రాములు. పుట్టినప్పుడు 2 కిలోల 900. కార్డులో చుక్క పెట్టి, పచ్చరంగు పట్టీలోనే ఉంది చూడమ్మా అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏమీ తినట్లేదు మేడమ్ అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టిన బరువుకి మూడింతలవుతారు. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గితే ఆకలి కూడా తగ్గుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మనం చూసుకోవాలి, ఎంత తినాలన్నది పిల్లకి వదిలేయాలి. రెండేళ్ళలోపు పిల్లలకి అసలు ఫోన్, టీవీ చూపించొద్దని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెప్పింది, అన్నం దగ్గర అయితే మరీ వద్దు అన్నారు.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "పాప ఎప్పుడైనా తన చేత్తో అన్నం ముట్టుకుందా?"

ఆటోలో వస్తుంటే ఆరో నెలలో చేసిన అన్నప్రాశన గుర్తొచ్చింది. వెండి గిన్నెలో పరమాన్నం ఉంది. పాప మామయ్యగారి ఒళ్ళో కూర్చుని ఆ గిన్నె మీదికి రెండు చేతులూ చాచింది. పట్టులంగా పాడవుతుందని ఒక చెయ్యి నేను పట్టుకున్నాను, ఇంకో చెయ్యి మా ఆడపడుచు పట్టుకుంది. ఫోటోలో కూడా అలాగే పడింది. ఆ రోజు పట్టుకున్న చేతులు మేము మళ్ళీ వదల్లేదన్నమాట. తొమ్మిది నెలలపాటు అన్నం వైపు చెయ్యి వచ్చినప్పుడల్లా "ఛీ ఛీ, అంటుకుంటుంది" అని తుడుస్తూనే ఉన్నాం.

ఇంటికొచ్చి విషయం చెబితే అత్తయ్య వెంటనే ఒప్పుకోలేదు.

"చంటిపిల్లకి కంచం ఏంటమ్మా? రెండేళ్ళు రానీ. మీ ఆయనకి నాలుగేళ్ళదాకా నేనే పెట్టాను, ఏమైంది?"

"మీరు పెట్టడం మానొద్దు అత్తయ్యా. ముందు పది నిమిషాలు దాన్ని తిననిద్దాం. ఆ తర్వాత మీరే పెట్టండి. మొహం తిప్పుకుంటే మాత్రం ఆపేద్దాం."

కాసేపు ఆలోచించి "పది నిమిషాలేగా" అన్నారు. మిగతావన్నీ ఆ ఒక్క ఒప్పందం మీదే నిలబడ్డాయి. గోరుముద్దలు మానిపించాలని పట్టుబట్టి ఉంటే ఆవిడ మనసు కష్టపడేది, పాపకీ బెంగ వచ్చేది. అసలు గోరుముద్ద చెడ్డది కాదు. పిల్ల మొహం చూస్తూ, కబుర్లు చెబుతూ పెట్టే ముద్దని మించింది ఏముంది? చూడని ముద్ద, అడగని ముద్దతోనే చిక్కు.

ఫోన్ ఆపేసిన మొదటి మూడు రోజులు చాలా కష్టంగా గడిచాయి. మొదటి రోజు మధ్యాహ్నం నాలుగు మెతుకులు చప్పరించి వదిలేసింది. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ టెన్షన్‌తో పని మీద ధ్యాస నిలవలేదు. అప్పుడు చూసుకుంటే అసలు సంగతి బయటపడింది. రోజుకి మూడు సీసాల పాలు తాగుతోంది, అందులో ఒకటి సరిగ్గా అన్నానికి గంట ముందు. కడుపులో పాలుంటే అన్నం ఎలా దిగుతుంది? రోజుకి అరలీటరు దాటొద్దని డాక్టరుగారు చెప్పారు కాబట్టి రెండు పూటలకి తగ్గించాం. సీసా తీసేసి చిన్న స్టీలు గ్లాసులో పోశాం. నాలుగో రోజు పాపకి నిజంగా ఆకలేసింది. ఆకలితో వంటగదిలోకి పాకుతూ నడుస్తూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని "బువ్వ" అంది. ఆ మాట దానంతట అది అడగడం అదే మొదటిసారి.

ఇక గిన్నె సంగతి.

ముందు ఆన్‌లైన్లో అడుగున రబ్బరుతో అతుక్కునే గిన్నె కొన్నాను. పాపని చాప మీద కూర్చోబెట్టి ఎదురుగా చెక్కపీట వేసి దాని మీద గిన్నె పెట్టేవాళ్ళం. ఆ రబ్బరు నున్నటి నేలకి అతుక్కుంటుంది కానీ చెక్కకి అతుక్కోదు. పీట తీసేసి బండ మీద పెడితే పిల్ల పూర్తిగా వంగిపోవాలి. పైగా రెండు రోజుల్లోనే ఆ రబ్బరు చెవి ఎక్కడుందో కనిపెట్టి లాగేసింది. తర్వాత నాలుగు గళ్ళ ప్లేటు తెచ్చాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. లోతు లేదు. అన్నం మీద చెంచా పెట్టి తోస్తే మెతుకులన్నీ ముందుకి జరిగి అంచు దాటి పీట మీద పడుతున్నాయి. పాప తోస్తుంది, అన్నం పారిపోతుంది, మళ్ళీ తోస్తుంది. ఐదారు సార్లు అయ్యాక చెంచా విసిరేసేది. పేచీ పెడుతోందనుకున్నాం. పక్కన కూర్చుని జాగ్రత్తగా చూస్తే తెలిసింది, చెంచాలోకి అన్నం ఎక్కాలంటే అవతల ఆనడానికి ఒక గోడ కావాలి. పెద్దవాళ్ళం మనం తెలియకుండానే వేలుతోనో, అప్పడంతోనో ఆ గోడ కడతాం. పసిదానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో నిటారు గోడలున్న గిన్నె కోసం వెతికాను. కప్పులన్నీ పైకి వెడల్పుగా విచ్చుకున్నవే. ఉగ్గుగిన్నె ఉంది కానీ అది తేలిక, ఒక పక్క మూతి, వేలు తగిలితే ఒరిగిపోతుంది. ఆఖరికి అటక మీద నా పాత టిఫిన్ క్యారేజీ దొరికింది. పెళ్ళికి ముందు ఆఫీసుకి తీసుకెళ్ళిన మూడు గిన్నెల క్యారేజీ. అందులో ఒక గిన్నెకి నిటారు గోడ, చదునైన అడుగు, చేతిలోకి తీసుకుంటే మంచి బరువు. పీట మీద తడిగుడ్డ పిండి పరిచి దాని మీద ఈ గిన్నె పెట్టాను. జరగలేదు. ఎన్ని కొన్నా కుదరనిది ఒక తడిగుడ్డతో కుదిరింది.

స్టీలుతో ఒక్క జాగ్రత్త ఉంది. లోపల అన్నం గోరువెచ్చగా అనిపించినా ఒక్కోసారి గిన్నె ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఒకసారి పప్పుచారు అన్నం పెడితే పాప రెండు చేతులతో గిన్నె పట్టుకుని కెవ్వుమంది. బొబ్బ రాలేదు, ఎర్రబడి తగ్గింది. అప్పటినుంచి గిన్నె బయటివైపు నా మణికట్టు ఆనించి చూశాకే పాప ముందు పెడుతున్నాను.

రెండు వారాల్లో నాకు అర్థమైంది ఇది. చేత్తో తినేవాటికి కంచం, చెంచాతో తినేవాటికి గిన్నె. ఇడ్లీని వేలంత పొడుగు ముక్కలుగా కోసి, మెత్తగా ఉడికిన చిలగడదుంప, క్యారెట్ ముక్కలు, అరటిపండు, మెత్తటి దోసె ముక్కలు చిన్న కంచంలో పెడితే వెదకకుండా తీసుకునేది. కంచంలో పప్పన్నం పెడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. అదే పెసరపప్పు పొంగలి అయితే గిన్నెలో చెంచాకి అతుక్కుని వచ్చేది. ఉప్మా పొడిపొడిగా ఉంటే దేనికీ రాదు, కాస్త జారుగా చేసి చల్లారనిస్తే ముద్ద కడుతుంది. చారన్నం జోలికి చాలా రోజులు పోలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది పెరుగన్నం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పక్కనే నేల మీద కూర్చుని చూస్తున్నాను. పాప చెంచాని పిడికిలితో కర్రలా పట్టుకుంది. గిన్నెలో గుచ్చింది, గోడకి ఆనించి లాగింది, చెంచా మీదికి పెరుగన్నం ఎక్కింది. పైకెత్తింది. నోటి దగ్గరికి వచ్చేసరికి చెంచా పూర్తిగా బోర్లా తిరిగిపోయింది. మణికట్టు తిప్పి నిలబెట్టుకోవడం ఆ వయసుకి ఇంకా రాదు. పొంగలి ఆరిపోయిందైతే అక్కడే పడిపోయేది. పెరుగన్నం పడలేదు. గడ్డపెరుగుతో మెత్తగా పిసికిన అన్నం బోర్లా పడిన చెంచాకి కూడా అతుక్కునే ఉంది. పాప నాలుక చాపి కింద నుంచి దాన్ని అందుకుంది. గడ్డం నిండా పెరుగు. నా వైపు చూసింది, మళ్ళీ గిన్నెలోకి చూసింది, మళ్ళీ గుచ్చింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చప్పట్లు కొడదామనిపించింది కానీ కొట్టలేదు. అంత ఏకాగ్రతగా చేసుకుంటున్న పనిని చెదరగొట్టాలనిపించలేదు.

అప్పటినుంచి రెండు చెంచాల పద్ధతి పెట్టుకున్నాం. ఒకటి దాని చేతిలో, ఒకటి నా చేతిలో. నేను నింపిన చెంచా గిన్నె అంచున పెడితే తను తీసుకుంటుంది, ఖాళీది నాకిచ్చేస్తుంది. నోట్లో పెట్టుకునేది మాత్రం తనే. పిడి లావుగా, పొట్టిగా ఉన్న చెంచాలే దాని పిడికిలికి సరిపోయాయి. మన ఇళ్ళలో ఉండే పొడుగాటి సన్న చెంచాలు పసివాళ్ళకి పనికిరావు.

విసరడం గురించి అడగని తల్లి ఉండదు. మా పాప కూడా విసిరింది. గిన్నె ఎత్తి బోర్లించి, చేత్తో రాసి, నేల మీద ముగ్గు పెట్టింది. అత్తయ్య ప్రాణం విలవిల్లాడిపోయేది. అన్నం పరబ్రహ్మ స్వరూపం, మెతుకు కాలి కింద పడకూడదని నమ్మిన మనిషి ఆవిడ. ఆ బాధ నాకు చాదస్తంగా అనిపించలేదు. చేలో నారు పోసిన దగ్గర్నుంచి నూర్చేదాకా చూసిన ఇంట్లో మెతుకుకి ఉన్న విలువ అది. అందుకని రెండు పనులు చేశాం. ఒకటి, గిన్నెలో ఒకసారికి రెండు చెంచాల అన్నమే వేయడం, అయ్యాక మళ్ళీ వేయడం. రెండోది అత్తయ్య ఆలోచన. తన పాత నేత చీర నాలుగు మడతలు వేసి పాప కింద పరిచేవారు. తినడం అయ్యాక కొసలు పట్టుకుని ఎత్తి, మేడ మీద పిట్టలకి దులిపేవారు. మెతుకు వృథా పోలేదన్న తృప్తి ఆవిడకి, నేల తుడిచే పని తప్పింది నాకు.

ఇంకో సంగతి గమనించాను. విసరడం ఎప్పుడూ పన్నెండో నిమిషం, పదిహేనో నిమిషం దగ్గరే వస్తోంది. అంటే కడుపు నిండింది, చెప్పడానికి మాట రాదు. "అయిపోయిందా?" అని రెండు చేతులు తిప్పి చూపించడం నేర్పాం. విసిరితే కోప్పడకుండా గిన్నె తీసేసి మూతి కడిగేసేవాళ్ళం. నెల తిరిగేసరికి విసిరే బదులు చేతులు తిప్పి చూపించడం మొదలుపెట్టింది. వద్దనుకున్న ముక్క వేయడానికి పక్కన ఇంకో చిన్న గిన్నె పెట్టాను. బీరకాయ ముక్కలన్నీ అందులోకే పోయేవి. పోనీ అనుకున్నాం. రోజూ రెండు ముక్కలు వేస్తూనే ఉన్నాం, ఏ పదిహేను రోజులకో ఒక ముక్క తన నోట్లోకి పోయింది.

ఒక రోజు మెట్ల దగ్గర మా వాచ్‌మన్ వాళ్ళ బాబుని చూశాను. మా పాప కంటే నెల చిన్న. అంగన్‌వాడీలో ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు పిండిని వాళ్ళమ్మ కాసిని గోరువెచ్చటి నీళ్ళు చల్లి ఉండలు చేసి, సత్తు పళ్ళెంలో పెట్టింది. వాడు మెట్టు మీద కూర్చుని ఒక్కోటీ తీసుకుని హాయిగా తింటున్నాడు. ఎలా నేర్పావు అని అడిగితే ఆ అమ్మాయికి ప్రశ్నే అర్థం కాలేదు. "నేర్పేదేముందక్కా, మేం తినేటప్పుడు పక్కన కూసుంటడు." ఆ సాయంత్రం నుంచి మేము పాపకి విడిగా పెట్టడం మానేశాం. రాత్రి భోజనం అందరం కింద చాప మీద కూర్చుని ఒకేసారి తింటున్నాం. వేరే ఏ చిట్కా కంటే అదే ఎక్కువ పని చేసింది. వాళ్ళ నాన్న పప్పు కలుపుకుంటుంటే వేళ్ళ వైపే చూసి, తన గిన్నెలో అలాగే తిప్పేది.

భయపెట్టిన సంగతి కూడా చెప్పాలి. ఒకసారి దోసె ముక్క గొంతులో అడ్డం పడి ఓక్ ఓక్ మంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తయ్య నోట్లో వేలు పెట్టబోయారు. నేను ఆపాను. డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. దగ్గుతూ, శబ్దం చేస్తుంటే పిల్ల తనే బయటికి తెచ్చుకుంటుంది, వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. శబ్దమే రాకుండా, ఊపిరాడక మొహం రంగు మారితేనే ప్రమాదం. అప్పుడు ముందుకి వంచి రెండు భుజాల మధ్య వీపు మీద గట్టిగా ఐదు దెబ్బలు వేయాలి, అప్పటికీ ముక్క రాకపోతే, ఏడాది దాటిన పిల్లలైతే వెనక నుంచి పట్టుకుని పొట్ట పైభాగం లోపలికీ పైకీ నొక్కాలి, ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో పిల్లని చూసుకునే ప్రతి ఒక్కరూ ఒకసారి నేర్చుకుని తీరాలి. వేరుశెనగ పప్పులు, కోయని గుండ్రటి ద్రాక్షపళ్ళు, చెగోడీలు, పచ్చి క్యారెట్ ముక్కలు మా ఇంట్లో ఇప్పటికీ దాని కంచంలోకి రావు. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు కోశాకే. పాప తింటున్నంతసేపూ ఒక పెద్ద మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే.

చేతి విషయంలో మా ఇంట్లో కొన్నాళ్ళు వాదన నడిచింది. పాప ఒక పూట కుడిచేత్తో, ఒక పూట ఎడమచేత్తో తినేది. అత్తయ్య ప్రతిసారీ చెంచా కుడిచేతిలోకి మార్చేవారు. మారిస్తే చెంచా వదిలేసేది. ఏ చెయ్యి వాటం అన్నది తేలడానికి ఇంకా టైం పడుతుందని, బలవంతం చేయొద్దని డాక్టరుగారు అన్నారు. గిన్నె సరిగ్గా మధ్యలో పెట్టి వదిలేశాం. ఆవిడకి మాత్రం ఆ దిగులు పోలేదు.

వానాకాలంలో జ్వరం వచ్చి పది రోజులు మళ్ళీ మొదటికొచ్చాం. చెంచా ముట్టలేదు, నా ఒళ్ళోంచి దిగలేదు. అత్తయ్య గంజి, మెత్తటి ముద్దలు పెట్టారు, తింది. ఈసారి ఫోన్ తీయలేదు. తగ్గిన నాలుగో రోజు పొద్దున్న తనే వెళ్ళి వంటగది కింద అరలోంచి క్యారేజీ గిన్నె లాక్కొచ్చింది.

సంక్రాంతికి ఊరెళ్ళేసరికి 22 నెలలు. కనుమ రోజు ఇంటినిండా చుట్టాలు, వసారాలో బంతి భోజనాలు. మామయ్యగారు మనవరాలికి తన పక్కన చిన్న అరిటాకు ముక్క వేయించారు. నా గుండె దడదడలాడింది, క్యారేజీ గిన్నె హైదరాబాదులోనే మర్చిపోయాం. ఆకులో రెండు గరిటెల ముద్దపప్పు అన్నం, మీద నెయ్యి. పాప చెంచా లేకుండా కాసేపు ఆకు వైపు చూసింది. కుడిచేత్తో అన్నం తోసింది. జరిగింది. మళ్ళీ తోసింది, ఆకు చివరిదాకా పోయింది. నేను లేవబోతే అత్తయ్య మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఉండవే. పది నిమిషాలన్నావుగా."

పాప ఎడమ అరచేతిని ఆకు మీద నిలువుగా, అంచుకి అడ్డంగా పెట్టింది. కుడిచేత్తో అన్నం దాని మీదికి తోసి, వేళ్ళతో నొక్కి, ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. అన్నంలో ఎడమచెయ్యి పెట్టినందుకు అత్తయ్య ఏమైనా అంటారేమోనని అటు చూశాను. ఆవిడ చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు. వంగి ఆకులో ఇంకో గరిటె వేశారు.